గడ్డకట్టనిది వాదన ఒక్కటే

2021 ఫిబ్రవరి మూడో వారంలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్యాసు బావులు గడ్డకట్టాయి. గాలిమరలు గడ్డకట్టాయి. బొగ్గు కేంద్రాలు మొరాయించాయి. అణు విద్యుత్ కేంద్రంలో నీటి ఒత్తిడిని కొలిచే చిన్న గొట్టం బిగుసుకుపోతే ఒక రియాక్టరు ఆగి కూర్చుంది. ఇంటి పైపులు పగిలి, పైకప్పులోంచి కారిన నీరు సీలింగ్ ఫ్యాను రెక్కలకు మంచు ఊడల్లా వేలాడింది. ఆ వారమంతా పూర్తి సామర్థ్యంతో ఉత్పత్తి అయింది ఒక్కటే: వాదన. దానికి ఇంధనం అక్కర్లేదు, పైపులకు దుప్పట్లు చుట్టనక్కర్లేదు. ఒక టీవీ కెమెరా, దాని ముందు ఒక నాయకుడు ఉంటే చాలు.

టెక్సాస్‌కి కరెంటు కరవొచ్చిందంటే ధాన్యం కొట్లో పడుకున్నవాడు పస్తులున్నట్టే. అమెరికాలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ చమురు తీసేది అదే. ఎక్కువ సహజవాయువు తీసేదీ అదే. గాలి కరెంటులోనూ మొదటి పీట దానిదే. అలాంటి చోట ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, చలి పులిలా మీద పడ్డ వేళ, కరెంటు పోయింది. మర్నాడు డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకటిలో మునిగాయి. ఖాళీగా ఉన్న ఆఫీసు మేడలు మాత్రం డాలస్, హ్యూస్టన్ నగరాల నడిబొడ్డున దీపావళి జరుపుకున్నాయి.

డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో మనవాళ్ల ఇళ్లు వరసగా ఉంటాయి. అలాంటి ఒక ఇంట్లో, కూతురి పురిటికి తెనాలి నుంచి వెళ్లి, కరోనా వల్ల తిరుగు ప్రయాణం కుదరక ఉండిపోయిన ఒక అత్తగారిని ఊహించుకోండి. కరెంటు పోవడం ఆవిడకి కొత్త కాదు. కొత్తగా ఉన్నది అల్లుడి మొహం.

"అల్లుడుగారూ, ఎన్నింటికి వస్తుందట?"

"తెలీదండీ అత్తయ్యగారూ."

"మన ఫీడరుకి ఏ టైములో కోతో?"

"టైములేం చెప్పలేదండీ. వంతులవారీగా తీస్తామన్నారు. మన వంతు వచ్చి 30 గంటలైంది."

"సబ్‌స్టేషనుకి ఫోన్ చెయ్యలేకపోయారా? పోనీ, లైన్‌మన్‌కి?"

ఎక్కడో ఖండాంతరంలో సర్వరు పడిపోతే 5 నిమిషాల్లో లేపే అల్లుడుగారు తన ఇంటి మీటర్ల పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వంతులవారీ కోత అంటే వంతు మారాలని తెనాలిలో చిన్నపిల్లాడికీ తెలుసు. టెక్సాస్‌లో ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం ఉన్న లైన్లను తియ్యకూడదు కాబట్టి, ఆ లైన్ల మీద ఉన్న అదృష్టవంతులకు అసలు పోలేదు. మిగిలిన లైన్లలో ఎంత తీసినా లోటు పూడలేదు కాబట్టి, పోయినవాళ్లకు రాలేదు. దాన్నీ వంతులే అన్నారు.

"పోనీ, పెరట్లో మాంసం కాల్చుకునే ఆ బొగ్గుల పొయ్యి లోపలికి తెండి, కుంపటిలా పెట్టుకుందాం" అంది అత్తగారు.

"వద్దండీ, తలుపులు బిగించిన ఇంట్లో ఆ పొగకి ప్రాణాలు పోతాయి" అన్నారు అల్లుడుగారు.

చాలా ఇళ్లలో ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. గ్యారేజీలో కారు నడిపి వెచ్చబడదామనుకున్నవాళ్లు, బొగ్గులు వెలిగించుకున్నవాళ్లు విషవాయువుకి బలయ్యారు. ఆక్సిజన్ యంత్రం ఆగి కొందరు పోయారు. ఎక్కువమంది మాత్రం తమ ఇంట్లో, తమ మంచం మీద, చలికి పోయారు. రాష్ట్ర ఆరోగ్య శాఖ చివరికి తేల్చిన లెక్క 246 మంది. ఈ వ్యాసంలో నవ్వు తెప్పించే మాట ఎక్కడ కనబడినా, దాని వెనక ఈ అంకె ఉందని గుర్తుంచుకోండి.

ఇక ఆ గ్రిడ్డుని నడిపే సంస్థ గురించి. దాని పేరు ఎర్‌కాట్. విడదీసి తెలుగులో చెప్పుకుంటే టెక్సాస్ విద్యుత్ విశ్వసనీయతా మండలి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ మంచు తుపానుకి కొద్ది రోజుల ముందు దాని పాలకవర్గం రెండు గంటలకు పైగా సమావేశమైంది. రాబోయే చలి గురించి మాట్లాడుకున్నది నిమిషం కూడా లేదు. మండలి సభ్యుల్లో కొందరు అసలు టెక్సాస్‌లోనే ఉండరన్న సంగతి జనానికి చీకట్లో తెలిసింది. చలికి దూరంగా ఉంటేనే చలి గురించి నిబ్బరంగా ఆలోచించగలరని కాబోలు.

ఆ రాత్రి జరిగినదాన్ని కాడికి కట్టిన ఎడ్లతో పోల్చుకోవచ్చు. గ్రిడ్డులోని కేంద్రాలన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్లు. అన్నీ ఒకే అడుగు వెయ్యాలి. అమెరికాలో ఆ అడుగు సెకనుకు 60 సార్లు. కొన్ని ఎడ్లు కూలబడితే మిగిలినవాటి మీద బరువు పెరిగి అడుగు మందగిస్తుంది. అది 59.4 కన్నా కిందికి దిగి 9 నిమిషాలు అలాగే ఉంటే, మిగిలిన ఎడ్లు తమను తాము కాపాడుకోవడానికి కాడి వదిలేస్తాయి. ఆ తెల్లవారుజామున 1 గంట 55 నిమిషాల వేళ అది 59.302కి పడింది. గీత కింద ఉన్నది 4 నిమిషాల 23 సెకన్లు. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు గడిచి ఉంటే రాష్ట్రం మొత్తం చీకటే, మళ్లీ లేపడానికి వారాలు పట్టేది. మన ఇంట్లో గుడ్డు ఉడకడానికి ఇంతకన్నా ఎక్కువ టైము పడుతుంది. కంట్రోల్ రూములోని ఉద్యోగులు 20,000 మెగావాట్ల దాకా లోడు కోసి బండిని నిలబెట్టారు. ఆ రాత్రి తమ పని తాము చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే. చివరికి సంస్థ అధిపతి ఉద్యోగం ఊడింది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌లోని ముగ్గురు సభ్యులూ ఇంటిదారి పట్టారు. గద్దెలు మారాయి, గొట్టాలు మారలేదు.

ఇక వాదన. జనం దుప్పట్లలో వణుకుతుండగానే గవర్నరు గ్రెగ్ ఆబట్ టీవీలో ప్రత్యక్షమై, మా గాలి, సౌర కరెంటు ఆగిపోవడం వల్లే ఇదంతా, పర్యావరణవాదుల మాట వింటే దేశం గతి ఇంతే అన్న ధోరణిలో చెప్పారు. మర్నాడు, అన్ని రకాల కేంద్రాలూ దెబ్బతిన్నాయని సర్దుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఉండనే ఉంది. ఇక్కడ మద్దెల ఓడని చెప్పడానికి సాక్ష్యం కూడా తెచ్చారు. గడ్డకట్టిన గాలిమర మీద హెలికాప్టర్ వేడినీళ్లు చల్లుతున్న ఫోటో ఒకటి ఫోన్లలో చక్కర్లు కొట్టింది. అది టెక్సాస్ కాదు, స్వీడన్. ఆ సంవత్సరానిది కాదు, అంతకు కొన్నేళ్ల ముందుది. అంతకన్నా తమాషా, ఆ ఫోటో చెబుతున్నది సరిగ్గా వ్యతిరేకమైన సంగతి: చలిదేశంలో గాలిమరను చలికి తట్టుకునేలా చూసుకునేవాళ్లు ఉంటారని.

అవతలి పక్షం ఏమైనా తక్కువ తిందా? "మేము అంచనాకన్నా బాగానే తిరిగాం" అని గాలి అభిమానులు ఛాతీ విరిచారు. శీతాకాలపు లెక్కల్లో గాలి మీద పెట్టుకున్న ఆశే కొంచెం. పాసు మార్కులు 10 అన్న పరీక్షలో 12 తెచ్చుకుని ఊరేగింపు చేసినట్టుంది. కేంద్ర నియంత్రణ సంస్థలు నవంబరులో నివేదిక ఇచ్చాయి. టెక్సాస్‌లోనూ చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ కలిపి 1,045 విద్యుత్ యూనిట్లు దెబ్బతిన్నాయని, వాటిలో 58 శాతం గ్యాసువి, 27 శాతం గాలివి అని తేల్చాయి. గాలి పక్షం 58ని చంకన పెట్టుకుపోయింది. గ్యాసు పక్షం 27ని ఎత్తుకుపోయింది. అదే నివేదికలో ఉన్న అసలు మాటను ఇద్దరూ అక్కడే వదిలేశారు. యంత్రాలు ఆగడానికి మొదటి కారణం మంచుకి భాగాలు బిగుసుకుపోవడం, రెండోది ఇంధనం అందకపోవడం. అంటే చలికాలానికి సిద్ధం కాకపోవడం. ఆ మాటకి రంగు లేదు, జెండా లేదు. అందుకే ఎవరికీ పనికిరాలేదు.

గ్యాసు కథలో ఇంకో ముడి ఉంది. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. గ్యాసు వస్తే గాని కరెంటు కేంద్రం నడవదు. గ్యాసుని పైపుల్లో తోసే యంత్రాల్లో అనేకం కరెంటు ఉంటే గాని తిరగవు. కోత పెట్టినప్పుడు ఆ యంత్రాల కరెంటూ పోయింది. కరెంటు లేక గ్యాసు రాలేదు, గ్యాసు లేక ఇంకా కరెంటు పోయింది. ఎందుకు తీశారయ్యా అంటే, మాది అత్యవసర లైను, తియ్యకండి అని ఆ కంపెనీలు ఫారం నింపి ఇవ్వలేదట. తన కొమ్మను తానే నరుక్కున్నవాడి కథ మనకూ ఉంది. అతనికి కనీసం గొడ్డలి తన చేతిలో ఉందని తెలుసు.

ఈ గ్యాసు కంపెనీలను అదుపు చెయ్యాల్సిన రాష్ట్ర సంస్థ పేరు రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి రైళ్లు చూస్తుందనుకునేరు. రైళ్లతో దానికి ఏ సంబంధమూ లేదు, చివరి బాధ్యత కూడా 2005లోనే వదిలింది. చమురు, గ్యాసు దాని పని. మరి పేరు మార్చరేం అంటే, ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో జనానికి తెలియకపోవడంలో ఒక సౌకర్యం ఉంది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. టెక్సాస్ మార్కెట్టులో సిద్ధంగా ఉన్నందుకు కేంద్రానికి పైసా రాదు, అమ్మిన యూనిట్లకే డబ్బు. కొరత వస్తే ధర ఆకాశానికంటుతుంది కాబట్టి, ఆ ఆశతో అందరూ సిద్ధంగా ఉంటారన్నది సిద్ధాంతం. కరవు వస్తే ధాన్యం ధర పెరుగుతుంది కనక రైతులంతా చెరువులు తవ్వుకుంటారన్నట్టు. మామూలు రోజుల్లో మెగావాట్-గంట 20, 30 డాలర్లు పలికే కరెంటుని విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆదేశంతో 9,000 డాలర్లకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. మన లెక్కలో అప్పట్లో యూనిట్ 650 రూపాయల పైమాట. కోతలు ఆగిపోయాక కూడా ధరను ఒక రోజుకు పైగా అక్కడే ఉంచారు. మార్కెట్టు పర్యవేక్షకుల తొలి లెక్క ప్రకారం దానివల్ల అదనంగా పడ్డ భారం 1,600 కోట్ల డాలర్లు. సరిచెయ్యమంటే కమిషన్ ఒప్పుకోలేదు. పైగా, వెనక్కి ఇచ్చే పని జరగకుండా చూస్తానని అప్పటి కమిషన్ అధిపతి పెట్టుబడిదారులకు ఫోనులో భరోసా ఇచ్చారు. ఆ రికార్డింగు బయటపడ్డాకే ఆయన దిగిపోయారు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ నిప్పడిగినవాడు చుట్ట కూడా అమ్ముకున్నాడు. 3 డాలర్ల గ్యాసు కొన్ని చోట్ల 400 డాలర్లు పలికింది. మాకు జాక్‌పాట్ కొట్టినట్టుందని ఒక గ్యాసు కంపెనీ అధికారి వాటాదారులతో అనేశాడు. ఒక పైప్‌లైన్ కంపెనీ ఆ తుపాను పుణ్యాన 240 కోట్ల డాలర్లు వెనకేసుకున్నానని లెక్క చూపించింది. మరోవైపు, టోకు ధరకే కరెంటు అని చెప్పిన గ్రిడ్డీ అనే కంపెనీ వినియోగదారుల్లో ఒకాయనకు ఆ కొద్ది రోజులకు 16,752 డాలర్ల బిల్లు వచ్చింది. తుపానుకి ముందు ఆ కంపెనీయే, బాబూ వేరే కంపెనీకి మారిపొండి అని తన ఖాతాదారులను బతిమాలింది. ఆ మార్కెట్టులో నిజం చెప్పిన కంపెనీ అదొక్కటే. అందుకే కాబోలు నెల తిరక్కుండా దివాలా తీసింది.

నాయకుల ధైర్యం గురించి చెప్పకపోతే పాపం. కొలరాడో సిటీ అనే టెక్సాస్ పట్నంలో మేయరు, మీకు ప్రభుత్వం ఏమీ బాకీ లేదు, బలవంతులే బతుకుతారు, బలహీనులు నశిస్తారు అని ప్రజలకు రాశాడు. ఇంగ్లీషులో నశించడం అనే మాట స్పెల్లింగు తప్పి, చర్చి పరిధిలోని పేటను సూచించే మాట పడింది. జనం చలికీ, ఆయన స్పెల్లింగుకీ తట్టుకున్నారు. ఆయన పదవి మాత్రం తట్టుకోలేదు. మాజీ గవర్నరు రిక్ పెర్రీ, కేంద్రం మా వ్యవహారాల్లో వేలు పెట్టకుండా ఉండాలంటే మూడు రోజులకన్నా ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటాం అన్నట్టు సెలవిచ్చారు. 2011లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ, తాను రద్దు చెయ్యబోయే శాఖల్లో మూడోదాని పేరు చర్చావేదిక మీద గుర్తురాక తడబడ్డది ఈయనే. అది ఇంధన శాఖ. తర్వాత అదే శాఖకు మంత్రయిందీ ఈయనే.

పూర్వం పెళ్లికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లారని నవ్వేవాళ్లం. సెనేటర్ టెడ్ క్రూజ్ గారు చలిని తప్పించుకుని కుటుంబంతో మెక్సికోలోని కాంకూన్ సముద్రతీరానికి వెళుతూ కుక్కపిల్లను ఇంట్లోనే వదిలేశారు. దాని పేరు స్నోఫ్లేక్, మంచురేకు. అద్దం తలుపులోంచి అది బయటికి చూస్తున్న ఫోటో లోకమంతా తిరిగింది. ఎందుకెళ్లారంటే కూతుళ్లు అడిగారన్నారు. ఆ వారం టెక్సాస్‌లో పిల్లలందరూ వెచ్చటి చోటికి తీసుకెళ్లమనే అడిగారు.

మూడు రోజుల చీకటి భరిస్తామన్న ఆ పౌరుషానికి మూలం 1935లో ఉంది. రాష్ట్రాల సరిహద్దు దాటే కరెంటు మీద కేంద్రానికి అధికారం ఇస్తూ అమెరికా ఆ ఏడు చట్టం చేసింది. టెక్సాస్ కంపెనీలు ఉపాయం పన్నాయి: సరిహద్దు దాటించకపోతే సరి. అలా కాలక్రమంలో అమెరికాకు మూడు పెద్ద గ్రిడ్లు. తూర్పుది, పడమటిది, టెక్సాస్‌ది. బంగారు పళ్లేనికైనా గోడ చేరుపు కావాలంటారు. టెక్సాస్ గోడ వద్దంది. పక్కవాళ్లతో ఉన్నవి సన్నటి తీగలే. లోటు వేల మెగావాట్లలో ఉంటే అవి తేగలిగింది వెయ్యి పైచిలుకు. పక్కింటి గోడ ఉంటే అంతా సర్దుకునేదని చెప్పలేం, ఆ రోజు పక్కవాళ్లకూ చలే, వాళ్లూ కొన్ని గంటలు కోతలు పెట్టారు. తేడా అక్కడే ఉంది. వాళ్లవి గంటలు, వీళ్లవి రోజులు. అదే టెక్సాస్‌లో పడమటి గ్రిడ్డుకి కట్టి ఉన్న ఎల్ పాసో పట్నం, 2011 చలి దెబ్బ తిన్నాక యంత్రాలకు జాగ్రత్తలు చేయించుకుని, ఈసారి హాయిగా టీవీలో మిగతా టెక్సాస్‌ను చూసింది.

ఒంటరి గ్రిడ్డు సుఖం మనకూ కొంత తెలుసు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతాల గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకటి చూసినప్పుడు దక్షిణాది గ్రిడ్డుకి చీమ కూడా కుట్టలేదు. అప్పటికి మనం ఆ కాడికి కట్టుకోలేదు. అంతమాత్రాన దక్షిణాది జెండా ఎగరేసి, ఇక ఇలాగే ఉందాం అనలేదు. ఎందుకంటే అదే ఏడు ఉమ్మడి ఆంధ్రలో కరెంటు లేక కార్ఖానాలకు పవర్ హాలిడేలు, పొలాలకు అర్ధరాత్రి కరెంటు. పక్క ప్రాంతంలో కరెంటు ఉన్నా తెచ్చుకుందామంటే తీగలు చాలవు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైనుతో దక్షిణాది మిగతా దేశంతో ఒకే అడుగు వెయ్యడం మొదలుపెట్టింది. మన డిస్కములకు దండ వెయ్యమని కాదు, మోటారు వెయ్యడానికి అర్ధరాత్రి చేనుకి పోయి పాము కాటుకి చచ్చిన రైతు ఆ దండ ఒప్పుకోడు. లాభమొక్కటే చూసుకుని గోడ కట్టుకుంటే, కష్టం వచ్చినప్పుడు ఆ గోడే అడ్డం వస్తుందని మాత్రం మనకు తెలిసింది.

ఎవరూ ముందు చెప్పలేదా అంటే, చెప్పారు. 1989 డిసెంబరులో చలికి ఇలాగే యంత్రాలు ఆగాయి. జాగ్రత్తలు తీసుకోండని నివేదిక వచ్చింది. 2011 ఫిబ్రవరిలో మళ్లీ ఆగాయి. మళ్లీ నివేదిక వచ్చింది. అందులో, 1989 తర్వాత చెప్పినవి చెయ్యలేదని కూడా రాశారు. ఇష్టముంటే చెయ్యండన్నారు కాబట్టి ఈసారీ ఇష్టం పుట్టలేదు. 2021 దెబ్బ తిన్నాక చట్టం చేశారు. ఆ ఏడు జూన్ 8న సంతకం పెడుతూ గవర్నరు, గ్రిడ్డుని బాగుచెయ్యడానికి చెయ్యాల్సిందంతా చేసేశామన్నారు. విద్యుత్ కేంద్రాలు చలికి సిద్ధం కావాలి, లేకపోతే జరిమానా. మంచిదే. గ్యాసు విషయానికొచ్చేసరికి ఆ రైళ్లు లేని రైల్‌రోడ్ కమిషన్ ముసాయిదాలో ఒక కిటికీ పెట్టింది. 150 డాలర్లు కట్టి, అత్యవసర సమయంలో నడపడానికి మేము సిద్ధంగా లేము అని ఫారం ఇస్తే మినహాయింపు! పరీక్షకు చదవలేదని ముందే రాసిచ్చిన విద్యార్థికి ఫీజు తీసుకుని సెలవు ఇచ్చినట్టు. చట్టం చేసిన సభ్యులే గగ్గోలు పెట్టాక దాన్ని బిగించారు.

చివరి న్యాయం కోర్టులో జరిగింది. ఎర్‌కాట్ మీద దావాలు పడ్డాయి. 2023 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఎర్‌కాట్‌కి సర్కారుకి ఉన్న రక్షణే ఉందని, దాని మీద దావా చెల్లదని తేల్చింది. పని చేసేటప్పుడు అది లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ, నిలదీసేటప్పుడు ప్రభుత్వం. ఇటు గ్యాసుకి, కరెంటుకి ఆ వారం పెరిగిన ఖర్చును బాండ్లుగా మార్చి, వినియోగదారుల బిల్లుల్లో ఏళ్ల తరబడి వసూలు చేసే ఏర్పాటు చేశారు. ఆంధ్ర పాఠకులకు వేరే వివరించనక్కర్లేదు. అది ట్రూ-అప్ ఛార్జీకి అమెరికా మేనమామ.

తర్వాతి చలికాలాల్లో టెక్సాస్ గ్రిడ్డు నిలబడింది. యంత్రాలకు రక్షణలొచ్చాయి, సౌర ఫలకాలు, బ్యాటరీలు కుప్పలుగా వచ్చాయి. ఆ సంగతి సంతోషమే. సిద్ధపడితే ఏ ఇంధనమైనా నిలబడుతుందని దానివల్ల రుజువైంది. ఆ రుజువు కూడా వాదనను ఆపలేదు. ప్రతి చలి హెచ్చరికకూ అది కొత్తగా స్విచ్ వేసుకుంటుంది.

మన అత్తగారు ఎప్పుడో తెనాలి చేరుకుంది. మొన్న ఫోనులో అల్లుణ్ని అడిగిందనుకోండి.

"అల్లుడుగారూ, ఆ రాత్రి కరెంటు ఎవరి వల్ల పోయిందో తేల్చారా?"

"లేదండీ అత్తయ్యగారూ. గాలి వల్లా, గ్యాసు వల్లా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు."

"మరి ఆ డబ్బు ఎవరు కట్టాలో?"

"అది అప్పుడే తేలిపోయిందండీ. మేమే."